రంభ ఘాటులో నాలుగు గంటల బేరం

ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున రంభ పడవల ఘాటులో ఎవరైనా "నాలుగు గంటల్లో కాళీజాయి, నలబణ రెండూ చూపించేస్తాం" అంటే బేరం అక్కడే ఆపెయ్యండి. కాళీజాయి అమ్మవారి గుడి ఉన్న దీవి, నలబణ పిట్టల దీవి. రంభ నుంచి కాళీజాయి నీటిమీద దాదాపు 20 కిలోమీటర్లు. డీజిల్ ఇంజను బిగించిన నాటుపడవ నిండా జనంతో గంటకి 8, 10 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పోవడానికే రెండు గంటలు దాటుతుంది, రావడానికి మళ్ళీ అంత. ఇక గుడి మెట్లెక్కేదెప్పుడు, పిట్టల్ని చూసేదెప్పుడు? జనవరి 26 సోమవారం పడి మూడు రోజులు కలిసొచ్చేసరికి బరంపురం, ఇచ్ఛాపురం బళ్ళన్నీ ఘాటు దగ్గరే ఉన్నాయి. ఆ తోపులాటలో ఈ లెక్క వేసుకోకుండా పదిమందికి 3,600 ఒప్పేసుకున్నాం. దిగేటప్పుడు 'వెయిటింగ్' అని ఇంకో 700 లాగారు. తలకి 430. కాళీజాయి గోపురం కూడా కంటపడలేదు.

ఎందుకు పడలేదో చెప్తాను. చిలికా ఈశాన్యం నుంచి నైరుతికి 64 కిలోమీటర్ల పొడుగున సాగిన సరస్సు. రంభ నైరుతి కొసన ఉంది. చలికాలంలో గాలి ఉత్తరం నుంచో ఈశాన్యం నుంచో లేచిందంటే ఆ పొడుగంతా అలల్ని పెంచుకుంటూ ఎదురొస్తుంది. నీళ్ళు చాలాచోట్ల రెండు మీటర్ల లోతు కూడా ఉండవు కాబట్టి అల సముద్రంలోలా సాగదు, పొట్టిగా, నిటారుగా లేస్తుంది. అడుగు చదునుగా ఉన్న పడవ ప్రతి అలమీదా దబ్బుమని పడుతుంది. ఘంటశిల కొండ చాటున ఉన్నంతసేపూ ఇదేం తెలీదు. దీవులు దాటాకే అసలు సంగతి. ముందు బల్లమీద కూర్చున్నవాళ్ళు తడిసి ముద్దయ్యారు, మా వదినగారు కళ్ళు మూసుకుని కాళీజాయి అమ్మవారికి అక్కణ్ణుంచే దణ్ణం పెట్టేశారు. పదకొండున్నరకి సరంగు పడవ వెనక్కి తిప్పాడు. ఆ గాలిలో తిప్పడమే మంచిపని, అతన్ని అనడానికేం లేదు. మోసం చేసింది బేరం కుదిర్చినవాడు, వాడు ఒడ్డునే ఉండిపోయాడు.

తిరుగుదారిలో నాచు. దక్షిణం వైపు నీటి అడుగున గడ్డి ఒత్తుగా పెరుగుతుంది, అది పడవ కింద నీళ్ళలో తిరిగే ఫ్యానుకి తాడులా చుట్టుకుంటుంది. ఇంజను చప్పుడు మారి, పొగ నల్లబడి, పడవ మాత్రం కదలకపోతే అదే జరిగిందన్నమాట. అప్పుడు రేజ్ చెయ్యకూడదు, ఇంజను ఆపాలి. షాఫ్టు ఎత్తగలిగే పొడుగుతోక ఇంజనైతే పైకి లేపి కత్తితో కోసేస్తే పది నిమిషాల పని. షాఫ్టు అడుగున బిగించిన రకమైతే మనిషి నీళ్ళలోకి దిగాల్సిందే. మాది రెండో రకం, నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలే తర్వాత 'వెయిటింగ్' అయ్యాయి! ఎక్కేముందే షాఫ్టు ఎలాంటిదో, పడవలో కత్తి, గెడ ఉన్నాయో లేవో చూసుకోండి. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టండి. పదిమందికి ఏడే ఇచ్చారు, వాటిలో రెండింటికి బకిల్ లేదు, పిల్లల సైజు ఒక్కటీ లేదు.

అయితే రంభ దండగ కాదు. రెండు గంటలకి మాట్లాడుకుని, ఘంటశిల, బ్రేక్‌ఫాస్ట్ దీవి చూసి వచ్చెయ్యండి. దీవిమీద ఖల్లికోట రాజావారు కట్టించిన బంగళా మొండిగోడలున్నాయి, పక్క రాతిమీద గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించిన స్తంభం ఉంది. ఇవి ఒడ్డు వంపులో ఉన్న ఖాడీ లోపలే కాబట్టి గాలి బాధ తక్కువ. కాళీజాయి, నలబణ కావాలంటే మాత్రం రోడ్డుమీద బర్కూల్ పోయి అక్కడ ఎక్కాలి. సంక్రాంతికి కాళీజాయి జాతర, ఆ రోజుల్లో వెళ్ళకండి. నలబణ 1987 నుంచి పక్షుల అభయారణ్యం, 15.53 చదరపు కిలోమీటర్లు, వానాకాలం మునిగిపోతుంది. దూరం నుంచే చూడాలి. ఫొటోకోసం గుంపుని లేపమని సరంగుకి పది నోటు చూపించేవాళ్ళున్నారు, ఆ పని చెయ్యకండి.

లాడ్జి గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. గది 1,650, నాలుగు గదులు. గీజరు ఉంది, స్విచ్చి కింద కౌంటర్లో ఉంది. తొమ్మిదికి ఆపేస్తారు. ఆ తర్వాత వేణ్ణీళ్ళు బకెట్ 30. దుప్పట్లు తడి వాసన. అడిగితే "చిలికా కదా బాబూ" అన్నాడు కుర్రాడు, అదో ఘనత అన్నట్టు.

పొద్దున్నించి ముడుచుకున్న మొహాలు విప్పారింది రాత్రి భోజనం దగ్గర. హైవే పక్క రేకుల షెడ్డు. ఖయింగా చేప బెసర: ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిరప నూరి పెట్టింది, మనం ఆవ పెట్టి వండినట్టే, కాకపోతే ఘాటు ముక్కు దాకా వస్తుంది. వేడన్నం, పప్పు, చేప రెండు ముక్కలు, 160. పీతలు విడిగా. ఇక్కడా ఓ జాగ్రత్త: పీతని బతికుండగా, కట్టిన తాడు విప్పించి తూయించండి. తడిసిన తాడు కూడా పీత ధరకే వస్తుంది. మేం తూయించుకున్నాం, కిలో 900గ్రాములైంది. వదినగారు ఆ వంద గ్రాముల డబ్బు తిరిగి రాబట్టాకే అన్నంలో చెయ్యి పెట్టారు.