క్రాకటోవా: పొగ బొమ్మ, సంధ్య బొమ్మలు

ఇండోనేషియాలోని అగ్నిపర్వత దీవి క్రాకటోవాలో 1883లో జరిగిన విస్ఫోటం గురించి బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ 1888లో ఒక నివేదిక ప్రచురించింది. అందులోని చిత్రాల్లో రెండు రకాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది అందరికీ తెలిసిన లితోగ్రాఫ్ (రాతి అచ్చు బొమ్మ): సముద్రం మధ్య దీవి, దాని మీద నల్లగా లేచిన పొగ స్తంభం. దీన్ని మహా విస్ఫోటం బొమ్మగా చాలా చోట్ల వేస్తారు. అది పొరపాటు. దీనికి ఆధారం మే 27న తీసిన ఫోటో. దీవిని చీల్చిన పేలుళ్లు ఆగస్టు 26, 27 తేదీల్లో జరిగాయి. 36 వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది సునామీ అలల్లోనే. ఆ ఘోరం ఈ బొమ్మలో లేదు.

రెండోది లండన్‌లో చిత్రకారుడు విలియం ఆస్‌క్రాఫ్ట్ గీసిన ఆకాశం. క్రాకటోవాను ఆయన చిత్రించలేదు. చెల్సీలో థేమ్స్ ఒడ్డున నిలబడి, సాయంకాలపు రంగులు నిమిషాల్లో మారిపోతుంటే పాస్టెల్ సుద్దలతో వెంటవెంటనే పట్టుకున్నాడు. ఇలాంటివి 500కు పైగా గీశాడు! నవంబరు 26 నాటి సంధ్యలు నివేదిక మొదట్లోనే ఉన్నాయి. సూర్యుడు దిగిపోయాక కూడా ఆకాశం ఎర్రగా వెలగడానికి కారణం, పై వాతావరణంలోకి చేరి భూమిని చుట్టిన గంధకపు తుంపర, సన్నని ధూళి.

పేలుడు రూపం కావాలంటే లితోగ్రాఫ్ చాలు. నాకు మాత్రం ఆస్‌క్రాఫ్ట్ బొమ్మలే విలువైనవి. రంగుల ఫోటోలు లేని రోజుల్లో ఆ ఎరుపు మనదాకా వచ్చింది ఇలాంటి చేతుల వల్లే.