700 యెన్లకు టోక్యోలో ఒక పూట: కసాయ్ అక్వేరియం

ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తున్నారంటే టోక్యోలో మన ఇండియన్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్‌లో మనవాళ్లందరికీ ఒకటే టెన్షన్: ఎక్కడికి తీసుకెళ్లాలి? డిస్నీకి వెళ్తే క్యూల్లో నిలబడలేరు. షిబుయా క్రాసింగ్ చూపిస్తే "రోడ్డు దాటడానికి ఇంత దూరం తీసుకొచ్చావా అమ్మాయ్?" అని మా మామయ్యగారు అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. అందుకే ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ముందు కసాయ్ రింకాయ్ పార్కులోని అక్వేరియం చూపిస్తాను. ఇంగ్లీషు బోర్డుల మీద టోక్యో సీ లైఫ్ పార్క్ అని ఉంటుంది.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. పెద్దలకు టికెట్ 700 యెన్లు, 65 నిండినవాళ్లకు 350. ఎలిమెంటరీ స్కూలు వరకు పిల్లలకు ఉచితం. అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, పిల్లలు కలిసి వెళ్తే మొత్తం 2,100 యెన్లు. ఆ డబ్బుతో ఒసాకాలోని కైయుకాన్ అక్వేరియంలో పెద్దవాళ్ల టికెట్ ఒక్కటి కూడా రాదు. అక్కడ వేల్ షార్క్ ఉంది, ఇక్కడ లేదు, నిజమే. కానీ మా పెద్దవాళ్లు ఇక్కడ కూర్చున్నంత తృప్తిగా ఇంకెక్కడా కూర్చోలేదు.

చెరువు లాంటి నీళ్ల మధ్య పెద్ద గాజు గోపురం కనిపిస్తుంది. అదే ప్రవేశం. ఎత్తు 30.7 మీటర్లు. కట్టింది ఆర్కిటెక్ట్ యోషియో తానిగుచి, తర్వాత న్యూయార్క్‌లో మోమా మ్యూజియం విస్తరణ చేసినాయన. ఆ నీళ్ల అంచు ఎక్కడ అయిపోయిందో, వెనక టోక్యో సముద్రం ఎక్కడ మొదలైందో తెలియకుండా చేశాడు. అత్తయ్యగారు ఫొటోల కోసం ఇక్కడే అరగంట ఆగిపోయారు, చేపల మాటే మర్చిపోయి. గోపురం లోంచి ఎస్కలేటర్ కిందకి దిగుతుంది. దిగగానే సుత్తి తల సొరల ట్యాంక్.

అసలు చూడాల్సింది ట్యూనా చేపల్ని. 2,200 టన్నుల నీళ్లున్న ట్యాంక్, గుండ్రంగా, గారె ఆకారంలో. మధ్య ఖాళీలో మెట్లలాగా సీట్లు వేశారు. మనం కూర్చుంటే బ్లూఫిన్ ట్యూనాలు మన చుట్టూ తిరుగుతాయి. వీపు ముదురు నీలం, పొట్ట వెండి రంగు, తోక దగ్గర వరసగా చిన్న చిన్న పసుపు రెక్కలు. కాస్త ఓపిగ్గా గమనిస్తే ఇంకోటి కనబడుతుంది. నేరుగా దూసుకుపోయేటప్పుడు వీపు మీది ముందు రెక్క ఒంట్లోని గాడిలోకి మడుచుకుపోతుంది, అక్కడ రెక్క ఉందని కూడా తెలియదు. మలుపు దగ్గరకు రాగానే టక్కున లేస్తుంది. మా చిన్నోడు దాన్నే ఆటగా పెట్టుకున్నాడు. రెక్క లేచినప్పుడల్లా "లేచింది!" అని అరుపు. పక్కన కూర్చున్న జపనీస్ తాతగారు కూడా వాడితో పాటు వేలు చూపించడం మొదలుపెట్టారు.

"ఇవి కాసేపైనా ఆగవేంటమ్మా?" అని మామయ్యగారు అడిగారు. ఆగవు. నోరు తెరిచి ముందుకు ఈదుతుంటేనే నీళ్లు మొప్పల గుండా పోయి వాటికి ఊపిరి అందుతుంది. రాత్రిళ్లూ అంతే, వేగం తగ్గిస్తాయి గానీ ఆగవు. 2014 చివర్లో ఈ ట్యాంక్‌లో చేపలు వరసగా చనిపోవడం మొదలైంది. 150కి పైగా ఉన్నవాటిలో 2015 మార్చికి ఒక్క ట్యూనా మిగిలింది. కారణం ఇదీ అని ఒక్కటి తేల్చలేకపోయారు. ఆ తర్వాత కొత్త చేపల్ని తెచ్చి మళ్లీ నింపారు. ఈ సంగతి చెప్పాక మామయ్యగారు అక్కడి నుంచి లేవనంటే లేవనన్నారు. మేం మిగతావి చూసొచ్చేదాకా ఆయన అక్కడే.

మిగతావాటిలో నాకు నచ్చింది పఫిన్ల ట్యాంక్. రంగురంగుల ముక్కున్న ఆ పక్షులు నీళ్ల కింద రెక్కలాడిస్తూ ఎగురుతున్నట్టే ఈదుతాయి. పెంగ్విన్లు బయట ఉంటాయి, ఎక్కువగా హంబోల్ట్ రకం. 2012లో వీటిలో ఒక కుర్ర పెంగ్విన్ తప్పించుకుని రెండు నెలలకు పైగా టోక్యో సముద్రంలో హాయిగా తిరిగింది, మే నెలలో గానీ దొరకలేదు. ఈ కథ పిల్లలకు చెప్తే ప్రతి పెంగ్విన్‌నూ అనుమానంగా చూస్తారు. ఎండాకాలంలో కింగ్ పెంగ్విన్లను చల్లటి గదిలోకి మార్చేస్తారు, వాటికోసమే వెళ్లేవాళ్లు చలికాలం పెట్టుకోండి.

డాల్ఫిన్ షోలు, లైట్లు, మ్యూజిక్ ఏమీ లేవు. అవి కావాలంటే షినగావాలో వేరే అక్వేరియం ఉంది. ఇది 1989లో తెరిచింది, లోపల ఆ పాతదనం కనిపిస్తుంది. కొత్త భవనం పని కూడా పక్కనే పెట్టుకున్నారు. మసక వెలుతురు కాబట్టి ఫోన్‌లో ట్యూనా ఫొటోలన్నీ గీతల్లా వస్తాయి, ఆశ వదులుకోండి. శాకాహారులైతే పులిహోరో పెరుగన్నమో డబ్బాలో పెట్టుకెళ్లి, బయట పార్కు గడ్డి మీద కూర్చుని తినడం మేలు. ఇన్ని ట్యూనాలు చూసి బయటికొచ్చాక రెస్టారెంట్ మెనూలో మళ్లీ ట్యూనాయే కనిపిస్తే మా అత్తయ్యగారిలా ముఖం తిప్పుకునేవాళ్లు ఉంటారు మరి. మా ఆయన మాత్రం తిప్పుకోలేదు.

పార్కులోకి టికెట్ లేదు. వంతెన దాటితే పడమటి ఇసుక తీరం, పిల్లలు పీతల వెనక పరిగెత్తొచ్చు. తూర్పు తీరం పక్షుల కోసం వదిలేశారు, మనుషుల్ని రానివ్వరు. ఈ తీరమంతా 2018లో రామ్సార్ జాబితాలో, అంటే ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో చేరింది. 117 మీటర్ల జెయింట్ వీల్‌కు వేరే టికెట్. ఒక చుట్టు 17 నిమిషాలు, పైనుంచి డిస్నీ కోట మొత్తం కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే చాలు అనుకునే మా మామయ్యగారి లాంటివాళ్లకు ఇదే డిస్నీ.

టోక్యో స్టేషన్ నుంచి వచ్చేవాళ్లు కేయో లైన్ ప్లాట్‌ఫాం కోసం చాలా దూరం నడవాలి, పెద్దవాళ్లతో అయితే పావుగంట ముందే బయల్దేరండి. అన్ని స్టేషన్లలో ఆగే లోకల్ ఎక్కండి, రాపిడ్ ఎక్కితే పార్కు దగ్గర ఆగకుండా డిస్నీ స్టేషన్ మైహామా వెళ్లి తేలతారు. నిషి-కసాయ్ నుంచైతే బస్సు ఉంది. బుధవారం సెలవు, ఆ రోజు ప్రభుత్వ సెలవైతే గురువారం మూస్తారు. లోపలికి చివరి ప్రవేశం సాయంత్రం 4కి. మే 4న, అక్టోబర్ 1న, అక్టోబర్ 10న అందరికీ ఉచితం. ఆ మూడు రోజులూ జనం విపరీతం, 700 మిగుల్చుకోవాలని మాత్రం వెళ్లకండి.