చెక్క ప్యానెల్‌కి ఏ ఆర్కేడ్ బటన్ మేలు? నొక్కి దించేదా, నట్టు బిగించేదా?

ఆర్కేడ్ బటన్లు, అంటే వీడియో గేమ్ యంత్రాల మీద ఉండే గుండ్రటి బటన్లు, కొనేటప్పుడు చాలామంది ముందు రంగులు చూస్తారు. ముందు చూడాల్సింది మీ చెక్క మందం. నేను మొదటిసారి 18 మి.మీ. ప్లైవుడ్‌కి కన్నాలు వేసుకుని, జపాన్ తరహా నొక్కుడు బటన్లు తెచ్చుకున్నాను. కన్నంలో చక్కగా దిగాయి కానీ ఒక్కటీ నిలబడలేదు. పక్కన ఉండే ప్లాస్టిక్ చెవులు పలక అవతలికి వెళ్లి విచ్చుకుంటేనే పట్టు దొరుకుతుంది. 18 మి.మీ. చెక్కలో అవి లోపలే నొక్కుకుపోయి ఉంటాయి. గట్టిగా ఆడితే బటన్ గిర్రున తిరుగుతుంది, పైకి లేస్తుంది. జిగురు పూసి ఆపొచ్చు గానీ రేపు స్విచ్ పాడైతే ఊడదీయడం నరకం.

జపాన్ కంపెనీ సాన్వా చేసే ఓబీఎస్‌ఎఫ్-30 లాంటి నొక్కుడు బటన్ సుమారు 2 నుంచి 4 మి.మీ. రేకుకో యాక్రిలిక్ పలకకో తయారైనది. కన్నం 30 మి.మీ. ఉండాలి. నొక్కు తేలిక, కిందికి దిగే దూరం తక్కువ, చప్పుడూ తక్కువే. అదే కంపెనీ ఓబీఎస్‌ఎన్-30కి కింద మర, నట్టు ఉంటాయి. కొంచెం మందమున్న పలకనూ పట్టుకుంటుంది గానీ 18 మి.మీ. చెక్కలో నట్టుకు మర అందదు. అమెరికా తరహా హ్యాప్ బటన్ వేరు. గొట్టం పొడుగ్గా ఉంటుంది, కింద నట్టు, దానికింద విడిగా మైక్రోస్విచ్. కన్నం అంగుళం పైన ఎనిమిదోవంతు, అంటే దాదాపు 28.6 మి.మీ. చెక్క క్యాబినెట్లలో ఏళ్ల తరబడి పిల్లల గుద్దులు తిన్న బటన్ ఇదే. నొక్కితే లోతుగా దిగి టక్కుమంటుంది. స్విచ్ పోతే అదొక్కటే మారుతుంది.

మందపు చెక్కను అలాగే ఉంచి పని ముగించాలంటే నా ఓటు పొడుగు గొట్టానికే. కొనేముందు మర పొడవు మీ పలక మందం కంటే ఎక్కువుందో లేదో అడగండి, పొట్టివీ దొరుకుతాయి. ఫైటింగ్ గేమ్‌లు ఎక్కువగా ఆడేవాళ్లకు మాత్రం తేలిక నొక్కే హాయి, దాన్ని కాదనను. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 నుంచి ఆరు బటన్ల వరుస అలవాటైన వేళ్లకు లోతైన నొక్కు త్వరగా బరువనిపిస్తుంది. వాళ్లు చెక్కను చట్రంగా ఉంచుకుని, బటన్లు వచ్చే చోట పెద్ద కిటికీ కోసి, పైన 3 మి.మీ. యాక్రిలిక్ వేస్తే సరి. చెవులు యాక్రిలిక్‌ని పట్టుకుంటాయి, అరచేతి బరువు చెక్క మోస్తుంది. పని రెట్టింపు, ఫలితం అంత బాగుంటుంది. పలకను అడుగునుంచి చెక్కి పలుచన చేసే పద్ధతీ ఉంది. ఆరు బటన్లు పక్కపక్కనే ఉంటే ఆ గుంటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రౌటర్ (చెక్కను గుంటగా చెక్కే యంత్రం) లేనివాళ్లకు నేను చెప్పను.

ఇక కన్నం. డ్రిల్‌కి పెట్టే బిట్లలో, చదునైన రేకులాంటి స్పేడ్ బిట్ చవక, కానీ అవతలికి తేలేచోట ప్లైవుడ్ పొరలు పీచులుగా లేస్తాయి. గుండ్రటి రంపంలా కోసే హోల్ సా పరవాలేదు. ఫోర్స్ట్‌నర్ బిట్ ఖరీదెక్కువైనా అంచు అద్దంలా వస్తుంది. ఒక్క ప్యానెల్ చేసినా దానికి ఖర్చు పెట్టమనే అంటాను. ఏ బిట్ అయినా ముందు 3 మి.మీ. కన్నం అవతలిదాకా వేసి, పలక కింద పనికిరాని చెక్కముక్క క్లాంపుతో బిగించి, పైనుంచి కోయండి. కేంద్రాల మధ్య 40 మి.మీ. వదిలితే నట్టు తిప్పేందుకు వేళ్లు పడతాయి.

ఏ బటన్ కొంటారో తేల్చుకోకముందే డ్రిల్ పట్టుకోవద్దు. 30 మి.మీ. కన్నంలో హ్యాప్ బటన్ కాస్త వదులుగా ఉన్నా అంచు కప్పేస్తుంది, నట్టు లాగి పట్టుకుంటుంది. 28 కన్నంలో జపాన్ బటన్ దూరదు. ఆకురాయితో చుట్టూ గీకాలి, గుండ్రదనం పోతుంది.

వైర్ల కొసలు కూడా వేరే. సాన్వా కాళ్లకు 2.8 మి.మీ. క్లిప్పు, హ్యాప్ మైక్రోస్విచ్‌కి ఎక్కువగా 4.8. బటన్లను కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ ఎన్‌కోడర్ కిట్‌లతో చాలావాటికి 2.8వే వస్తాయి కాబట్టి హ్యాప్ బటన్లతో పాటు 4.8 క్లిప్పులు, బటన్‌కి రెండేసి చొప్పున, కొనుక్కోండి.