విమాన దూరాల సైట్లు: కిలోమీటర్లు సరే, గంటల సంగతేంటి?

రెండు ఊళ్ల పేర్లు కొడితే విమాన దూరం, పట్టే టైము చెప్పే ఉచిత సైట్లు చాలా ఉన్నాయి. కోనసీమ నుంచి పైదేశాల్లోని పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు వీటిని చూస్తూనే ఉంటారు. కిలోమీటర్ల లెక్కకు ఐదులో నాలుగున్నర ఇవ్వొచ్చు, గంటల లెక్కకు ఒకటిన్నర కూడా ఎక్కువే.

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ సూటిగా 360 కిలోమీటర్లు. కెనడా ఉత్తర కొసన, నునావుట్‌లో రెజొల్యూట్ నుంచి గ్రీస్ ఫియోర్డ్ సుమారు 385. చాలా సైట్లు గంటకు 800 కిలోమీటర్ల వేగం అనుకుని, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపి, రెండింటికీ ఇంచుమించు గంట చెప్పేస్తాయి. మనవైపు అది ఏదో గుడ్డిలో మెల్లగా సరిపోతుంది. ఏటీఆర్ అనే పంకాల విమానం గంటకు 500 చొప్పున పోయినా గాలిలో ముప్పావు గంటే, రన్‌వే మీద నడకా అవీ కలిపితే గంట దాటుతుంది.

గ్రీస్ ఫియోర్డ్‌లో ఆ లెక్క చెల్లదు. అక్కడి రన్‌వే కంకరది, పొడవు 510 మీటర్లు, పక్కనే కొండలు. జెట్ దిగే ప్రసక్తే లేదు. ట్విన్ ఆటర్ అనే రెండు ఇంజన్ల చిన్న విమానమే దిక్కు. దాని వేగం గంటకు 270 ప్రాంతం కాబట్టి గాలిలోనే 1 గంట 25 నిమిషాలు పడుతుంది. 50 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే 1 గంట 45. పొగమంచు పట్టినా, అడ్డగాలి వీచినా ఆ రోజు ప్రయాణం గోదాట్లో కలిసినట్టే. పైగా రెజొల్యూట్ కంటే గ్రీస్ ఫియోర్డ్ గడియారం గంట ముందు. పదింటికి గాల్లోకి లేస్తే దిగేసరికి అక్కడ 12.25. టికెట్ మీద దిగే టైములోంచి ఎక్కే టైము తీసేసి చూసుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఫోన్లో మ్యాపు మీద వేలితో కొలవడం ఇంకా దండగ. గుండ్రటి భూమిని చదునుగా పరిచి చూపే మెర్కేటర్ పటం అంత ఉత్తరాన దూరాలను నాలుగు రెట్లు సాగదీస్తుంది. ఒక డిగ్రీ రేఖాంశం జరిగితే అమలాపురం దగ్గర 107 కిలోమీటర్లు, అక్కడ 28 మాత్రమే.

పేర్లతోనూ జాగ్రత్త. నర్సాపూర్ అని కొడితే మెదక్ జిల్లాది రావొచ్చు, కొత్తపేట అంటే హైదరాబాద్‌ది. అందుకే పేర్లు కాకుండా విమానాశ్రయం మూడక్షరాల కోడ్ అడిగే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటు మేలు. రాజమండ్రికి ఆర్‌జేఏ, హైదరాబాద్‌కు హెచ్‌వైడీ, రెజొల్యూట్‌కు వైఆర్‌బీ, గ్రీస్ ఫియోర్డ్‌కు వైజీజెడ్. రెండు కోడ్ల మధ్యలో అడ్డగీత (-) పెట్టాలి. జవాబు మైళ్లలో వస్తే కిలోమీటర్లకు మార్చుకోండి. నాటికల్ మైలైతే 1.852తో హెచ్చించాలి, మామూలు మైలైతే 1.609తో. ఆ రెండూ కలిపేస్తే 15 శాతం తేడా కొడుతుంది. వచ్చిన దూరాన్ని ఆ రూటులో నిజంగా తిరిగే విమానం వేగంతో భాగించి, పైన 20 నుంచి 30 నిమిషాలు కలపండి.

ఇంటి నుంచి విమానాశ్రయం దాకా లెక్క మాత్రం వేరు. అమలాపురం నుంచి మధురపూడి సూటిగా 62 కిలోమీటర్లని దూరాల సైటు చూపిస్తుంది. కారు గోదావరి మీద ఎగరదు కదా! రావులపాలెం చేరి, జొన్నాడ దగ్గర గౌతమి దాటి వెళ్లాలి. ఆ ముక్కకు విమాన దూరాల సైటు మూసేసి రోడ్డు మ్యాపు తెరవండి.