రాత్రికి రాత్రే బ్యాటరీ డౌనా? ఈ డీసీ క్లాంప్ మీటర్ నాకు పనికొచ్చింది

రెండు నెలల్లో బండికి రెండు బ్యాటరీలు మార్చా, అయినా పొద్దున్నే కీ తిప్పితే టక్ టక్ తప్ప ఏం లేదు, ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) చూస్తే 14.2 వోల్ట్స్ ఇస్తోంది, అంటే చార్జింగ్ బానే ఉంది, కరెంట్ ఎక్కడో లీకవుతోందన్నమాట. అందుకే వైర్‌లో పారే కరెంట్‌ని కొలిచే ఈ క్లాంప్ మీటర్ కొన్నా. బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పక్కర్లేదు, దాని చుట్టూ తగిలిస్తే చాలు. మామూలు మల్టీమీటర్‌ని సిరీస్‌లో (కేబుల్ విప్పి మధ్యలో) పెట్టి ఒకసారి మర్చిపోయి స్టార్ట్ కొట్టా, దాని ఫ్యూజ్ పోయింది (నవ్వకండి).

బండి లాక్ చేశాక అరగంట ఆగాలి, లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి కదా. ఆ తర్వాత 50 మిల్లీఆంప్స్ లోపుంటే మామూలే, నాకు 2.4 ఆంప్స్ చూపించింది! పది గంటలకి 24 ఆంప్ అవర్స్, నా 45 ఆంప్ అవర్ బ్యాటరీలో సగం పైనే హాంఫట్. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే ఆడియోది తీయగానే 30 మిల్లీఆంప్స్‌కి పడిపోయింది. దొంగ దొరికాడు, బయట పెట్టించిన ఆంప్లిఫయర్, ఆఫ్ అవ్వట్లేదు. పాపం ఆ బ్యాటరీల్ని ఎన్ని తిట్టుకున్నానో.

మైనస్ ఏంటంటే, కొలిచే ముందు ప్రతిసారీ జీరో బటన్ నొక్కాలి, లేకపోతే 20 మిల్లీఆంప్స్ అటూ ఇటూ చూపిస్తుంది, లైట్ కూడా తొందరగా ఆరిపోతుంది. కొనేటప్పుడు డీసీ ఆంప్స్ ఉందో లేదో చూస్కోండి, బ్యాటరీది డీసీ కరెంట్ కదా, ఏసీ కరెంట్ మాత్రమే కొలిచేది దీనికి దండగ. నాలుగు స్టార్లు.