పసిబిడ్డ బొంత కిట్ కొంటున్నారా? కత్తెర పట్టే ముందు ఇది చదవండి

"తొలిసారి కుట్టేవారి కోసం, అన్నీ సిద్ధం" అని అమ్మే బొంత కిట్లలో ఒకటి అక్క పాప కోసం తెప్పించాను. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. నాసిరకం సరుకును ఎలా పసిగట్టాలో తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

పెట్టె మీద నూరు శాతం కాటన్ అని ఉంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ముక్కలు చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. ముక్కలన్నీ జోడించి, మధ్యలో దూదిపొర పరిచి, అడుగున అస్తరు వేసి, మూడూ కలిపి కుట్టి, అంచుపట్టీ కూడా పూర్తయ్యాక ఉతికితే అసలు సంగతి బయటపడింది. ఎర్ర ముక్కల రంగు పక్కనున్న తెల్లవాటిలోకి దిగింది. కొన్ని ముక్కలు కుదించుకున్నాయి, కొన్ని చెక్కుచెదరలేదు. బొంత ఒక మూల ఎగదన్నింది. నూలుగుడ్డ మొదటి ఉతుకులో కాస్త కుదించుకోవడం మామూలే, 3 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. అన్నీ నూలే అయితే అన్నీ కలిసి కుదించుకుంటాయి, ఆ సన్నని ముడతలు బొంతకు అందం కూడా. ఇక్కడ అలా జరగలేదు.

అనుమానం వచ్చి మిగిలిన పీలికల్ని పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పైన వెలిగించి చూశాను. నూలైతే కాగితంలా కాలి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూసలా అవుతుంది. నాకు మిగిలింది పూసే.

ముందే ఉతకొచ్చుగా అంటారేమో. అసలు చిక్కు అక్కడే ఉంది. కోసి ఇచ్చిన చిన్న ముక్కల్ని ఉతికితే అంచులు పీచులేచి కొలత పోతుంది. ఉతకొద్దని కిట్‌లోని కాగితమే చెబుతుంది. అంటే గుడ్డ గురించి అమ్మేవాళ్ల మాట తప్ప మన చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి ముదురు రంగు ముక్క ఒకదాన్ని తడిపి, తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీపెట్టెతో అదమండి. మరక పడిందా, కుట్టు మొదలుపెట్టకుండానే తిప్పి పంపండి. కుట్టేశాక నేను ఫిర్యాదు చేస్తే "వాడిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు, పైగా మళ్లీ కొంటే తగ్గింపు ఇస్తామన్నారు!

దూదిపొర మీద చీటీయే లేదు. మంచి సరుకైతే అది ఏ పీచుతో చేసిందో, కుట్టు వరసల మధ్య ఎంత దూరం దాటకూడదో రాసి ఉంటుంది. దూరం ఎక్కువైతే ఉతికినప్పుడు దూది ఉండకట్టేస్తుంది. నాది రెండు చోట్ల ఉండకట్టింది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించినవి రెండు. బొంత మీది కుందేలు బొమ్మకు కళ్లుగా కుట్టమని బొత్తాలు ఇచ్చారు. పసిబిడ్డ చేతికి అందే గుడ్డ మీద బొత్తాం ఊడిందంటే నోట్లోకే వెళ్తుంది. కళ్లు దారంతో కుట్టుకోండి. ఇక పెట్టె మీద బొంత కప్పుకుని నిద్రపోతున్న బిడ్డ ఫోటో. ఏడాదిలోపు పిల్లలు నిద్రపోయే చోట వదులుగా ఉండే బొంతలు, దిండ్లు ఉంచవద్దని అక్కడి పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది, ఊపిరాడకపోయే ప్రమాదం ఉందని. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మన కళ్లెదుట, నేల మీద పరిచి ఆడించడానికి వాడుకోవచ్చు. పసిపిల్లల వస్తువులు అమ్మేవాళ్లకు ఈపాటి తెలియదా?

"బేబీ సేఫ్" అని ఆకు బొమ్మతో వేసిన ముద్రకు విలువేమీ లేదు. గుడ్డలో హానికర రసాయనాలు ఉన్నాయేమో పరీక్షించి ఇచ్చే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 లాంటి గుర్తు నిజమైనదైతే చీటీ మీద నంబరు ఉంటుంది, దాన్ని వాళ్ల సైట్‌లో సరిచూసుకోవచ్చు. అందులో 3 ఏళ్లలోపు పిల్లల వస్తువులకు అన్నిటికన్నా కఠినమైన మొదటి తరగతి వర్తిస్తుంది. నంబరు అడిగితే అమ్మేవాళ్లు మాట దాటేస్తున్నారా, ఆ కిట్ వదిలేయండి.

ఈసారి నేను గుడ్డ మీటర్ల లెక్కన కొని, ఉతికి, ఆరేసి, నేనే కోసుకుంటున్నాను. ఇలాంటి కిట్ తెప్పించుకుని ఇంకా విప్పనివాళ్లు పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి, వాపసు గడువు చూసుకుని ఆ తడిగుడ్డ పరీక్ష వెంటనే చేయండి.