తక్కువ ధరలో మౌంటెన్ బైకింగ్ రక్షణ సామగ్రి: ఎనిమిది నెలలు వాడిన తర్వాత

మౌంటెన్ బైక్ కొనేవారి డబ్బు దాదాపు అంతా సైకిల్‌కే పోతుంది. ఒంటిని కాపాడే సామగ్రికి మిగిలిన కాస్తతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది. నాకూ అలాగే జరిగింది. ఎనిమిది నెలల కిందట ఒక హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, గ్లోవ్స్, కళ్ళద్దాలు, అన్నిటినీ చవక ధరల్లో దొరికేవాటి నుంచే ఎంచుకుని కొన్నాను. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు, చెట్ల వేళ్ళూ వదులు రాళ్ళూ నిండిన దారుల్లో వాటిని వేసుకునే తొక్కుతున్నాను. ఈలోగా మూడుసార్లు గట్టిగానే పడ్డాను కనుక, వీటిలో ఏది తన పని చేసిందో, ఏది చేయలేదో చెప్పగల స్థితిలో ఉన్నాను. మోడళ్ళు తరచు మారిపోతుంటాయి. ఏ కంపెనీది కొన్నానన్న దానికన్నా, ఏం చూసి కొనాలన్నదే చదివేవారికి ఎక్కువ పనికొస్తుందన్న ఉద్దేశంతో పేర్లు రాయడం లేదు.

హెల్మెట్ విషయంలో ధర కన్నా ముందు చూడవలసింది, దాన్ని తిరగేస్తే లోపల కనిపించే స్టిక్కర్. యూరప్ ప్రమాణం ప్రకారం తయారైనదైతే దాని మీద ఈఎన్ 1078 అని ఉంటుంది. అమెరికా ప్రమాణం ప్రకారమైతే సీపీఎస్‌సీ అని, అంటే వస్తువుల భద్రతను చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ పేరు, ఉంటుంది. 1999 నుంచి అమెరికా మార్కెట్ కోసం తయారయ్యే ప్రతి సైకిల్ హెల్మెట్టూ చట్టప్రకారం ఈ రెండో ప్రమాణాన్ని అందుకోవలసిందే. పరీక్షలో హెల్మెట్ తొడిగిన నమూనా తలను లోహపు దిమ్మె మీదికి వదులుతారు. బల్లపరుపు దిమ్మె మీద అయితే యూరప్ పరీక్షలో సుమారు ఒకటిన్నర మీటరు, అమెరికా పరీక్షలో 2 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. ఆ క్షణంలో తలకు తగిలే కుదుపు గురుత్వ త్వరణానికి యూరప్ లెక్కలో 250 రెట్లు, అమెరికా లెక్కలో 300 రెట్లు మించకూడదు. అతి చవక హెల్మెట్టూ, అతి ఖరీదైన హెల్మెట్టూ ఇదే పరీక్షలో నెగ్గి రావాలి. ధర పెరిగేకొద్దీ మనకు అదనంగా దక్కేవి చాలావరకు తక్కువ బరువు, గాలి బాగా ఆడే రంధ్రాలు, మెత్తని లోపలి ప్యాడింగు. నా హెల్మెట్ కాస్త బరువైనదే. ఎండలో గట్టు ఎక్కుతున్నప్పుడు నుదుటి మీది చెమట కళ్ళలోకి కారుతూనే ఉంటుంది. దానికి తలకు ఓ పలచని గుడ్డ కట్టుకుంటే సరిపోయింది.

అయితే చవకదనానికీ ఒక హద్దుంది. ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని హెల్మెట్లు చాలా దొరుకుతాయి. వాటిలో కొన్ని ప్రమాణాలను అందుకోవడం లేదని సీపీఎస్‌సీ ఇటీవలి సంవత్సరాల్లో పదేపదే హెచ్చరికలు జారీ చేసింది. యూరప్‌లో అమ్మే వస్తువుల మీద కనిపించే సీఈ అన్న రెండక్షరాలు మాత్రమే ఉండి, ఈఎన్ 1078 అన్న అంకె ఎక్కడా కనిపించని హెల్మెట్‌ను, ఎంత తక్కువకు ఇచ్చినా, కొనవద్దని గట్టిగా చెబుతాను.

డబ్బు ఇంకొంచెం పెట్టగలిగితే, మిప్స్ లాంటి జారుడు పొర ఉన్న హెల్మెట్ చూసుకోవడం మంచిది. సైకిల్ మీద నుంచి పడినప్పుడు తల నిట్టనిలువుగా నేలకు తగలడం అరుదు. ఏటవాలుగా తగిలి, రాసుకుని, మెలి తిరుగుతుంది. ఆ మెలికే మెదడుకు ఎక్కువ చేటు చేస్తుంది. స్వీడన్‌లో పుట్టిన ఈ పద్ధతిలో హెల్మెట్ లోపల ఒక పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది ఏ దిక్కుకైనా 10 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా జరిగి, మెలితిప్పే బలంలో కొంత తల దాకా రాకుండా చేస్తుంది. ఒకప్పుడు ఖరీదైన వాటికే పరిమితమైన ఈ పొర ఇప్పుడు తక్కువ ధర హెల్మెట్లలోనూ వస్తోంది. కొనే ముందు అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 2018 నుంచి ప్రకటిస్తున్న సైకిల్ హెల్మెట్ రేటింగులను తప్పక చూడండి. అక్కడ ఏటవాలు దెబ్బలను కూడా లెక్కలోకి తీసుకుని పరీక్షిస్తారు. స్కోరు ఎంత తక్కువైతే హెల్మెట్ అంత మంచిది. ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న వాటిలో చవక హెల్మెట్లు కూడా ఉన్నాయని చూశాకే, నా కొనుగోలు మీద నాకు ధైర్యం కలిగింది.

ఆ ధైర్యానికి ఐదో నెలలో పరీక్ష వచ్చింది. తడిసిన వేరు మీద ముందు చక్రం పక్కకు జారి, కుడివైపు పడి, చెవికి పైభాగం ఒక మొద్దుకు తగిలింది. లేచి నిలబడి చూసుకుంటే హెల్మెట్ మీద చిన్న గీత తప్ప ఏమీ లేదు. ఇంటికి వచ్చి లోపలి మెత్తలు ఊడదీసి, దీపం కింద పెట్టి చూసినప్పుడు, థర్మాకోల్ పొరలో ఒక గాలి రంధ్రం నుంచి పక్క రంధ్రం దాకా వెంట్రుక మందాన ఒక బీట కనిపించింది. బొటనవేలితో నొక్కితే ఆ బీట కొద్దిగా నోరు తెరుచుకుంది. ఆ పొర నలిగిపోవడం ద్వారానే దెబ్బను మింగుతుంది. ఒకసారి నలిగిన చోట మళ్ళీ అదే పని చేయలేదు. పైన ఏమీ కనిపించకపోయినా గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పక్కన పెట్టవలసిందే. ఇతరులు వాడిన హెల్మెట్‌ను ఎట్టి పరిస్థితిలోనూ కొనకూడదనడానికి కారణం కూడా ఇదే: అది ఎన్నిసార్లు కింద పడిందో అమ్మేవారికి తప్ప ఎవరికీ తెలియదు.

కొలత సరిపోకపోతే ఏ ప్రమాణమూ కాపాడదు. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి, పట్టీలు చెవి కింద కలుసుకోవాలి, గడ్డం పట్టీకీ గడ్డానికీ మధ్య ఒక వేలు మాత్రమే పట్టాలి. పట్టీ పెట్టుకోక ముందే తల వంచి ఊపితే హెల్మెట్ జారిపోకూడదు. మౌంటెన్ బైకింగ్‌కు రోడ్డు సైకిల్ హెల్మెట్ కన్నా తల వెనుక భాగాన్ని కిందిదాకా కప్పేది మేలు. ఇక్కడ ఎటువైపైనా పడే అవకాశం ఉంటుంది. దవడను కూడా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ గురించి ఆలోచించేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఈఎన్ 1078 పరీక్షలో దవడ కడ్డీని పరీక్షించరు. డౌన్‌హిల్, అంటే కొండ వాలుల్లో వేగంగా దిగే సైక్లింగ్, కోసమే రాసిన ఏఎస్‌టీఎం ఎఫ్1952 ప్రమాణంలో దానికి వేరే పరీక్ష ఉంది. కనుక చవక ఫుల్ ఫేస్ కొనేటప్పుడు ఈ రెండో అంకె కోసం వెతకాలి.

మోకాలి ప్యాడ్ల విషయంలో నేను పొరపాటు చేసి నేర్చుకున్నాను. మొదట కొన్నవి స్కేటింగ్‌కు వాడే రకం. ముందు గట్టి ప్లాస్టిక్ చిప్ప, వెనుక రెండు వెల్‌క్రో పట్టీలు. షాపులో నిలబడి చూసినప్పుడు కోటగోడలా అనిపించాయి. పెడల్ తొక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకే కిందికి జారి పిక్కల మీదికి వచ్చాయి. పైకి లాగడానికి మాటిమాటికీ ఆగవలసి వచ్చింది. పట్టీలు బిగిస్తే మోకాలి వెనుక చర్మం ఒరుసుకుపోయి, మర్నాడు మంట. మొదటిసారి పడినప్పుడు ఎడమ ప్యాడ్ పిక్క దగ్గరే ఉంది, దెబ్బ మాత్రం మోకాలి చిప్పకు తగిలింది. ప్యాడ్ ఎంత గట్టిదన్నది కాదు, పడే క్షణంలో అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యమని ఆ రోజు అర్థమైంది.

రెండో జత మేజోడులా కాలికి తొడుక్కునేది. ముందు భాగంలో మెత్తని నురుగు పలక ఉంటుంది. చేత్తో నెమ్మదిగా నొక్కితే వేలు దిగబడుతుంది, గట్టిగా ఒక్క గుద్దు గుద్దితే బల్లలా బిగుసుకుంటుంది. డీ3ఓ అన్న పేరుతో ప్రసిద్ధమైన పదార్థం ఈ కోవకు చెందినదే. అలాంటి గుణమున్న వేరే పేర్ల నురుగులు తక్కువ ధరకు దొరుకుతాయి. వీటికి నమ్మకమైన కొలమానం ఈఎన్ 1621-1. ఇది మోటార్ సైకిల్ వారి కోసం రాసిన ప్రమాణమే అయినా మౌంటెన్ బైకింగ్ ప్యాడ్ల మీద కూడా కనిపిస్తుంది. 50 జౌళ్ళ శక్తితో దెబ్బ వేసినప్పుడు, ప్యాడ్‌ను దాటి అవతలికి చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకపోతే అది మొదటి స్థాయి, 20 కిలోన్యూటన్లు మించకపోతే రెండో స్థాయి. ఎత్తులు ఎక్కుతూ రోజంతా తొక్కేవారికి మొదటి స్థాయి పలచని ప్యాడ్లే నయమని నా అభిప్రాయం. వేసుకోవడానికి బద్ధకించి ఇంట్లో వదిలేసిన రెండో స్థాయి ప్యాడ్ ఎవరికీ పనికిరాదు.

కొనేటప్పుడు చిన్న, మధ్య, పెద్ద అన్న అక్షరాలను నమ్మకుండా, కంపెనీ ఇచ్చిన పట్టికలో తొడ చుట్టుకొలతను ఎక్కడ తీసుకోమన్నారో చూడాలి. కొన్ని కంపెనీలు మోకాలి చిప్ప మధ్య నుంచి 10 సెంటీమీటర్లు పైన కొలవమంటాయి. పైఅంచు లోపలివైపు సిలికాన్ చారలు ఉండాలి; అవే జారకుండా పట్టుకుంటాయి. ఇంట్లో కుర్చీలో కూర్చుని, కాళ్ళు పెడల్ తొక్కినట్టు పది నిమిషాలు ఆడించి చూసి, ఆ తర్వాతే బిల్లు పారేయండి. నా రెండో జతలో రెండో ప్రమాదానికి మోకాలి మీద గుడ్డ చిరిగింది, కుట్టు రెండంగుళాల మేర ఊడింది. మోకాలికి మాత్రం కమిలిన మచ్చ తప్ప ఏమీ కాలేదు. ఉతికేటప్పుడు నురుగు పలకను బయటికి తీయగలిగే వీలు ఉన్నవే కొనండి, లేకపోతే రెండు నెలల్లో చెమట వాసన భరించడం కష్టమవుతుంది.

గ్లోవ్స్‌కు ఎక్కువ ఖర్చు పెట్టనవసరం లేదు. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే చాపుతారు కనుక వేళ్ళన్నీ కప్పేవి కావాలి. అరచేతి దగ్గర మెత్త మందంగా ఉంటే హ్యాండిల్ మీద పట్టు మొద్దుబారుతుంది కాబట్టి, ఒకే పొర కృత్రిమ తోలు ఉన్నవి మేలు. నావి బొటనవేలి కుట్టు దగ్గర విడిపోయాయి. దారంతో కుట్టుకుని ఇప్పటికీ వాడుతున్నాను.

ఇన్నిటిలోనూ పెట్టిన డబ్బుకు తగిన విలువ అన్నిటికన్నా ఎక్కువ దక్కింది కళ్ళద్దాల్లోనే. సైక్లింగ్ కళ్ళద్దాలని అమ్మేవి కాకుండా, ఫ్యాక్టరీ పనివారు పెట్టుకునే రంగులేని పాలీకార్బనేట్ అద్దాలు కొన్నాను. వాటి మీద ఈఎన్ 166, దాని పక్కన ఎఫ్ అన్న అక్షరం ఉంటే, 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు 45 మీటర్ల వేగంతో తగిలినా తట్టుకున్నట్టు లెక్క. ముందు సైకిల్ చక్రం నుంచి ఎగిరే గులకరాళ్ళకూ, ముఖానికి తగిలే కొమ్మలకూ అంతకన్నా ఏం కావాలి? చెట్ల నీడలో నల్లద్దాలు పెట్టుకుంటే గుంటలు కనిపించవు, కనుక రంగులేనివే ఉండాలి. ఎక్కుతూ ఆగినప్పుడు ఆవిరి పట్టడం ఒక్కటే వీటి లోపం.

మోచేతి ప్యాడ్లు రెండో నెల నుంచే ఇంట్లో ఉండిపోయాయి. చేయి సన్నం కావడం వల్ల అవి మణికట్టు దాకా జారేవి. మొదటి కొనుగోళ్ళలో వాటి వంతు రానవసరం లేదు. ఆ డబ్బుతో, పట్టు కోసం చిన్న మేకులు బిగించిన పెడళ్ళ మీద జారని మెత్తటి రబ్బరు అడుగు ఉన్న బూట్లు కొనుంటే బాగుండేది. నా కుడి కాలి ముందెముక మీద పెడల్ మేకులు వరసగా గీసిన నాలుగు గీతలు ఇంకా పోలేదు. ప్రస్తుతానికి ఫుట్‌బాల్ ఆటగాళ్ళ షిన్ గార్డులను పొడుగు మేజోళ్ళ కింద పెట్టుకుంటున్నాను, అవి బాగానే పనిచేస్తున్నాయి.

బీటలు వారిన హెల్మెట్ స్థానంలో అదే మోడల్‌ను మళ్ళీ కొన్నాను. డబ్బు లేక కాదు. ఈసారి ఎక్కువ ధర పెట్టగల స్థితిలోనే ఉన్నాను. పాతది ఆ మొద్దు దగ్గర చేసిన పని చూశాక వేరేది వెతకవలసిన అవసరం కనిపించలేదు. మిగిలిన డబ్బును బూట్ల కోసం పక్కన పెట్టాను.